నారింజ రంగు రైలు

కొన్ని యంత్రాలను ప్రజలు పేరుతో కాక రంగుతో గుర్తుంచుకుంటారు. టోక్యో మహానగరంలో చువో మార్గంపై నడిచిన '201 శ్రేణి' విద్యుత్ రైలు అటువంటిది. పది పెట్టెలు, ఒక్కొక్క పెట్టెకు ఇరువైపులా నాలుగేసి ద్వారాలు, ఆపాదమస్తకం నారింజ రంగు. చూపులకు సామాన్యమైన నగర రైలే గాని, దాని పుట్టుక వెనుక ఒక దేశపు ఆందోళన ఉంది.

1973లోను, మళ్లీ 1979లోను చమురు ధరలు మిన్నంటాయి. దాదాపు చమురంతా దిగుమతి చేసుకొనే జపాను విద్యుత్తును ఆచితూచి వాడవలసి వచ్చింది. అంతకుముందరి రైళ్లలో మోటారుకు అందే విద్యుత్తును నిరోధకాలతో అదుపు చేసేవారు. రైలు కదిలిన ప్రతిసారీ కొంత శక్తి వాటిలో వేడిగా మారి గాలిలో కలిసిపోయేది. అడుగడుగునా స్టేషన్లున్న మార్గంలో ఆ నష్టం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కొత్త రైలులో ఆ పనిని 'థైరిస్టర్ చాపర్' చేపట్టింది. అది ప్రవాహాన్ని సెకనుకు కొన్ని వందలసార్లు తెంపుతూ కలుపుతూ మోటారుకు కావలసినంతే అందిస్తుంది. అంతకన్న విశేషం బ్రేకు వేసినప్పటిది. అప్పుడు మోటార్లే జనరేటర్లై, పుట్టిన విద్యుత్తును పైతీగకు తిరిగి పంపుతాయి. ఆగుతున్న రైలు ఇచ్చినది కదులుతున్న రైలు పుచ్చుకుంటుంది. పుచ్చుకొనే రైలు సమీపంలో లేకపోతే ఆ ఇవ్వడం సాగదు. ఉదయం వేళ రెండేసి నిమిషాలకొక రైలు నడిచే చువో మార్గానికి ఆ కొరత అరుదు.

1979లో నమూనా రైలు వచ్చింది. 1981లో వరుస తయారీ మొదలైంది. కాని పొదుపు కోసం పుట్టిన ఈ రైలు ఖరీదు మిక్కిలి ఎక్కువ. అప్పుల్లో మునిగిన జాతీయ రైల్వే 1,018 పెట్టెలతో 1985లో తయారీ ఆపి, అంతకన్న చవకగా విద్యుత్తును ఆదా చేసే 205 శ్రేణికి మళ్లింది. దీనిని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు. దారి వేసినవాడే ఆ దారిలో చివరివరకు నడవాలన్న నియమం లేదు కదా!

2018లో ఒసాకా వలయ మార్గంలో నేనీ రైలు ఎక్కాను. బయలుదేరేటప్పుడు కాళ్ల కింద తుమ్మెద రొదవంటి సన్నని ధ్వని. అది చాపర్ గొంతు. ఎదుటి బల్లమీది వృద్ధుడు హాయిగా కునుకు తీస్తున్నాడు.

చువో మార్గంలో ఈ రైళ్లు 2010 అక్టోబరులో నిలిచిపోయాయి. ఒసాకా వలయంలో 2019 జూన్ వరకు నడిచాయి. నారా వైపు తిరిగినవి లేత ఆకుపచ్చ రంగు పూసుకొని 2025 మార్చి దాకా పనిచేశాయి.