పాత కారులో పరాయి ఆయిల్

అమెరికాకు చదువుకోవడానికి వచ్చే తెలుగు విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు మొదట కొనేది చాలా సందర్భాల్లో పదిహేను ఇరవై ఏళ్ల నాటి కరోలా, క్యామ్రీ, సివిక్ వంటి సెకండ్‌హ్యాండ్ కారే. అది సీనియర్ల నుంచి జూనియర్లకు, ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు చేతులు మారుతూ లక్షన్నర మైళ్లు దాటాక కూడా రోడ్డు మీదే ఉంటుంది. అటువంటి కారుకు ఖర్చు తగ్గించుకోవడానికి సొంతంగా ఆయిల్ మార్చుకోవడం, దూరప్రయాణంలో మట్టం తగ్గిందని గమనించి దారిలోని పెట్రోలు బంకు దుకాణంలో ఒక సీసా కొని పోయడం మామూలే కనుక, తయారీదారు చెప్పిన ఆయిల్‌కు బదులు మరో రకం పొరపాటున ఇంజిన్‌లోకి చేరడం వింతేమీ కాదు. సంగతి బయటపడగానే ఇంజిన్ పోయినట్టేనని బెదరగొట్టేవారు కొందరైతే, ఏదైనా ఆయిలే కదా అని తేల్చిపారేసేవారు మరికొందరు; డబ్బా మీది గుర్తులు దేని గురించి చెబుతున్నాయో చూడకుండా ఇచ్చే తీర్పులు కావడం వల్ల ఈ రెండూ నిలబడవు. ఆ గుర్తులు చెప్పేవి ఒకటి చిక్కదనం గురించి, ఒకటి మూల నూనె గురించి, ఒకటి అందులో కలిపిన రసాయనాల స్థాయి గురించి. వీటిలో మారింది ఏదో తెలిస్తే తప్ప పొరపాటు బరువు తేలదు.

ద్రవం పారేటప్పుడు తనలో తాను చూపే నిరోధాన్ని స్నిగ్ధత అంటారు. వాడుకలో దాన్నే చిక్కదనం అంటున్నాం. ఎస్‌ఏఈ అని పిలిచే ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం 1911లో మొదటిసారి ఇంజిన్ ఆయిళ్లను చిక్కదనాన్ని బట్టి వర్గీకరించింది, నేటి 5డబ్ల్యూ-30 వంటి గుర్తులు ఆ వర్గీకరణ పెరిగి వచ్చినవే. డబ్ల్యూ అక్షరానికి ముందున్న అంకె చలికాలపు ప్రవర్తనను సూచిస్తుంది: 5డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు 30 డిగ్రీల సెల్సియస్ దిగువన, 0డబ్ల్యూ ఆయిల్‌ను 35 డిగ్రీల దిగువన, 20డబ్ల్యూ ఆయిల్‌ను 15 డిగ్రీల దిగువన ఇంజిన్ తిరిగేందుకు ఎంత అడ్డుపడుతుందో చూసి పరీక్షిస్తారు. వెనుకనున్న అంకె వేడెక్కిన ఇంజిన్‌కు సంబంధించినది. వంద డిగ్రీల వద్ద 30 గ్రేడు ఆయిల్ స్నిగ్ధత 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలి, 20 గ్రేడుది 6.9 నుంచి 9.3 మధ్య ఉండాలి. అంటే 30 గ్రేడులో పలుచనిదానికీ 20 గ్రేడులో చిక్కనిదానికీ నడుమ ఉండేది గీతంత తేడా మాత్రమే.

ఎక్కువగా జరిగే పొరపాటు సరిగ్గా ఈ గీత దగ్గరిదే. 2000 ప్రాంతపు జపాను కారు మాన్యువల్ 5డబ్ల్యూ-30 పోయమంటుంది, దుకాణం అరల్లో మాత్రం కొత్త కార్ల కోసం 0డబ్ల్యూ-20 డబ్బాలు వరుసగా పేర్చి ఉంటాయి, చెయ్యి వాటి మీదికే వెళుతుంది. ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్టు బేరింగుల లోహాన్ని నేరుగా తాకకుండా పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. ఆయిల్ పలుచనైన కొద్దీ ఆ పొర మందం తగ్గుతుంది కనుక అరుగుదలకు ఆస్కారం పెరుగుతుందన్న భయంలో సిద్ధాంతపరంగా తప్పులేదు. 150 డిగ్రీల వేడిలో తీవ్రమైన రాపిడికి గురిచేసి చేసే పరీక్షలో కనీస స్నిగ్ధత 30 గ్రేడుకు 2.9 మిల్లీపాస్కల్ సెకన్లు, 20 గ్రేడుకు 2.6 అని నిర్ణయించడంలోనూ ఆ తేడా కనిపిస్తుంది. అయితే నిత్యం కాలేజీకీ ఆఫీసుకూ తిరిగే కారు ఇంజిన్ అటువంటి తీవ్రస్థితికి చేరేది అరుదు. టెక్సస్‌లో బయట నలభై డిగ్రీల ఎండ కాస్తున్నా కూలింగ్ వ్యవస్థ ఇంజిన్ వేడిని ఒక హద్దులో పట్టి ఉంచుతుంది కాబట్టి, ట్రైలర్‌ను లాగుతూ కొండలెక్కితే తప్ప, ఒక విడత 0డబ్ల్యూ-20తో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ చెడిపోతుందని అనుకోవడానికి ఆధారం లేదు. మిషిగన్ చలికాలపు తెల్లవారుజామున, స్టార్టయిన మొదటి క్షణాల్లో, ఆ పలుచని ఆయిలే పైనున్న కామ్ షాఫ్టుకు తొందరగా చేరుతుంది కూడా. బాగా అరిగిన ఇంజిన్‌లో మాత్రం ఆయిల్ ప్రెషర్ కాస్త తగ్గవచ్చు, వాల్వులను కదిలించే టాపెట్ల చప్పుడు వినిపించవచ్చు, పిస్టన్ రింగులు దాటి కాలిపోయే ఆయిల్ పెరగవచ్చు.

దీనికి ఎదురు దిశలో జరిగే పొరపాటు తెలుగువారిలో తరచుగా కనిపిస్తుంది, దాని మూలం స్వదేశంలో ఉంది. పాతబడిన ఇంజిన్‌కు చిక్కని ఆయిల్ పోయాలన్నది ఆంధ్ర, తెలంగాణ మెకానిక్ షెడ్లలో పాతుకుపోయిన నమ్మకం. బండి ఆయిల్ తాగుతుంటే, బోర్‌కు, అంటే అరిగిన సిలిండర్లను తొలిపించే పనికి, వచ్చే రోజును కొంతకాలం వాయిదా వేయడానికి 20డబ్ల్యూ-40నో 20డబ్ల్యూ-50నో పోయడం అక్కడ ఎరిగిన ఉపాయం. ఆంధ్ర కొండల్లోని లంబసింగిలోనే శీతాకాలపు కనిష్ఠం సున్నా దరిదాపులకు వస్తే పత్రికలు వార్త రాసే సీమలో, డబ్ల్యూకు ముందున్న అంకెను ఎవరూ పట్టించుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. అదే ఆయిల్ మిన్నెసోటా జనవరిలో కారులో ఉంటే స్టార్టరు మోటారు మూలుగుతుంది, ఆయిల్ పంపుకు అందక బేరింగులు కొంతసేపు ఎండిపోతాయి. వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఆయిల్ ఒత్తిడితో సర్దే యంత్రాంగం ఉన్న ఇంజిన్లు, 2000 నుంచి అమెరికాలో అమ్మిన కరోలా వంటివి, మరీ చిక్కని ఆయిల్‌తో ఆలస్యంగా స్పందించి హెచ్చరిక దీపం వెలిగించవచ్చు. స్వదేశం నుంచి వెంట వచ్చే ఇంకొక భయమూ ఉంది. మోటారు సైకిల్‌లో క్లచ్ పలకలు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కనుక, ఘర్షణ తగ్గించే రసాయనాలున్న కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. అందుకే బైకు ఆయిల్ డబ్బాల మీద జాసో ఎంఏ అనే జపాను ప్రమాణపు గుర్తు ఉంటుంది. కారులో క్లచ్‌కూ గేర్‌బాక్సుకూ ఇంజిన్ ఆయిల్‌తో సంబంధం లేదు, ఆ భయం బైకుతోనే ఆగిపోవాలి.

ఇంతకీ అరల నిండా పలుచని ఆయిళ్లే ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు లోహశాస్త్రంలో కంటే చట్టంలో ఎక్కువగా దొరుకుతుంది. చమురు సంక్షోభం తర్వాత 1975లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీకి కనీస హద్దు పెట్టింది. పలుచని ఆయిల్ వల్ల ఆదా అయ్యే ఇంధనం ఒక్క కారులో చాలా స్వల్పమే అయినా, లక్షల కార్ల సగటులో అది లెక్కకు వస్తుంది. 2001 ప్రాంతంలో ఫోర్డ్, హోండా 5డబ్ల్యూ-20కి మారడం, ఆ తర్వాత 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 రావడం ఈ వరుసలోనివే. ఇందులో కుట్రను చూసేవారున్నారు గాని, పలుచని ఆయిల్‌కు తగిన బేరింగులు, పంపులతో రూపొందించిన ఇంజిన్లు లక్షల మైళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

మూల నూనె మారితే ఏమవుతుందన్నది రెండో సంగతి. ముడిచమురును శుద్ధి చేసి తీసేది మినరల్ ఆయిల్, అణువులను రసాయనికంగా కూర్చి తయారుచేసేది సింథటిక్. 1999లో ఇద్దరు పెద్ద తయారీదారుల మధ్య వివాదం ప్రకటనల పరిశీలక మండలి ముందుకు వెళ్లి, తీవ్రంగా హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన ముడిచమురు ఉత్పత్తినీ సింథటిక్ అని అమ్మవచ్చునని తేలిన నాటి నుంచి ఈ గీత మసకబారింది. 1970లలో వచ్చిన తొలి సింథటిక్ ఆయిళ్లు రబ్బరు సీళ్లను కొద్దిగా కుంచింపజేసి లీకులకు దారితీశాయి, తర్వాత సీళ్లను సమంగా ఉబ్బించే ఎస్టర్లు కలపడంతో ఆ లోపం పోయింది, అపకీర్తి మాత్రం పోలేదు. పాత కారుకు సింథటిక్ పోశాక లీకు మొదలైందంటే, పగిలిన సీలును అంతవరకు గట్టిపడిన మడ్డి పూడ్చి ఉంచిందనీ, శుభ్రపరిచే గుణం ఎక్కువున్న కొత్త ఆయిల్ దాన్ని కరిగించిందనీ అర్థం చేసుకోవడం సబబు. మినరల్, సింథటిక్ కలిస్తే విరిగిపోతాయన్న భయం నిరాధారం. ప్రమాణాలకు లోబడిన ఇంజిన్ ఆయిళ్లన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోవాలన్నది ఆ ప్రమాణాల్లోనే ఉంది.

అసలు ప్రమాదం మూడో గుర్తులో ఉంది, దాన్ని చదివేవారే తక్కువ. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, డబ్బా మీద వృత్తాకారపు ముద్రలో ఎస్‌తో మొదలయ్యే రెండక్షరాలను ముద్రింపజేస్తుంది, రెండో అక్షరం వర్ణమాలలో ముందుకు సాగిన కొద్దీ ఆయిల్ ప్రమాణం కొత్తది. 2010లో ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ వచ్చాయి. కొత్త వర్గం సాధారణంగా పాత వర్గాల అవసరాలను తీరుస్తుంది, కనుక ఎస్‌జే కోరిన కారుకు ఎస్‌పీ పోయడం నష్టం కాదు. తిరగేస్తే కథ వేరు. పెట్రోలు బంకు దుకాణాల్లో, చౌక అంగళ్లలో మెరిసే సీసాల్లో ఎస్‌ఏ వర్గపు ఆయిల్ అమ్మడం కొన్నిచోట్ల ఉండేది. అందులో అరుగుదలను ఆపే రసాయనాలు గాని మడ్డిని తొలగించేవి గాని ఉండవు, 1930 తర్వాత తయారైన చాలా పెట్రోలు ఇంజిన్లకు అది తగదని ఏపీఐ స్వయంగా ప్రకటించింది. సీసా వెనుక చిన్న అక్షరాల్లో ఆ హెచ్చరిక ఉన్నా, రాత్రివేళ దారిలో తొందరలో ఉన్న మనిషి చదివేది ముందువైపున పెద్దగా ఉన్న 10డబ్ల్యూ-30నే. చిక్కదనం సరిపోయింది కదా అని నిశ్చింతగా పోసిన ఆ ఆయిలే, పలుచనిదని భయపడిన ఎస్‌పీ వర్గపు 0డబ్ల్యూ-20 కంటే ఎన్నో రెట్లు హానికరం.

కొత్తది ఎప్పుడూ మేలే అన్న సూత్రానికి ఒక మినహాయింపు ఉంది. అరుగుదలను ఆపేందుకు ఆయిల్‌లో కలిపే జింక్, ఫాస్ఫరస్ సమ్మేళనంలోని ఫాస్ఫరస్ పొగ గొట్టంలోని కేటలిటిక్ కన్వర్టర్‌ను, అంటే విషవాయువులను మార్చే పరికరాన్ని, క్రమంగా చెడగొడుతుంది కనుక, 2004 నాటి ప్రమాణం 30, అంతకన్నా పలుచని గ్రేడ్లలో దాని మోతాదును 0.08 శాతానికి తగ్గించింది. 1960ల అమెరికన్ ఇంజిన్లలో కామ్ ఉబ్బు చదునైన టాపెట్ మీద రాపిడితో జారుతుంది, అక్కడ ఆ తగ్గింపు అరుగుదలకు దారితీయవచ్చు. పాత మస్టాంగ్‌ను ముద్దుగా పెంచుకునే కొద్దిమందికి ఇది ముఖ్యమే, క్యామ్రీ విద్యార్థికి కాదు.

చాలా పాత కార్ల విషయంలో తప్పు ఆయిల్ మీద పడే నింద నిజానికి తక్కువ ఆయిల్‌కు చెందాలి. 1998 నుంచి 2002 వరకు వచ్చిన కరోలా ఇంజిన్లలో పిస్టన్ల నుంచి ఆయిల్ తిరిగి కిందికి దిగే రంధ్రాలు చిన్నవి కావడం వల్ల అవి పూడుకుని ఆయిల్ కాలిపోవడం పేరుపడ్డ లోపం. అటువంటి కారుకు ఏ ఆయిల్ పోసినా మట్టం తగ్గుతుంది, చూసుకోకుండా నడిపితే ఎంత ఖరీదైన ఆయిల్ అయినా ఇంజిన్‌ను కాపాడదు. అందుచేత పొరపాటున 0డబ్ల్యూ-20 చేరినప్పుడు ఆయిల్ తీసివేయడం కంటే, పెట్రోలు నింపిన ప్రతిసారీ డిప్‌స్టిక్ చూసి, తగ్గితే 5డబ్ల్యూ-30 కలిపి, తర్వాతి మార్పును కొంచెం ముందుగా జరపడం చాలు. చేరింది ఎస్‌ఏ వర్గమైతే, లేదా చలి ప్రాంతంలో 20డబ్ల్యూ-50 అయితే, వెంటనే తీసివేసి ఫిల్టరుతో సహా మార్చడమే సరైనది.

అలా తీసిన ఆయిల్ కొత్తగా కనిపించినా చట్టం దృష్టిలో వాడిన ఆయిలే, కాలిఫోర్నియాలో అది ప్రమాదకర వ్యర్థం కూడా. అక్కడ దాన్ని చెత్తడబ్బాలోనో వాననీటి కాలువలోనో పారబోయడం నేరం. ఆటో విడిభాగాల దుకాణాలు చాలావరకు దాన్ని ఉచితంగానే తీసుకుంటాయి, అయితే కూలెంటు గాని నీళ్లు గాని కలిసిన డబ్బాను వెనక్కి పంపేస్తాయి.