1.2 ఆంపియర్ల నిరీక్షణ

ఖరగ్‌పూర్ పట్టణం నుంచి ఐఐటీ వైపు వెళ్లే దారిలో పూరీ గేట్ వస్తుంది. రైలు మార్గాన్ని రోడ్డు దాటే చోటు పేరు క్రమంగా పరిసరాలకంతా పేరైంది. ఊళ్లకు పేరు పెట్టే గౌరవం రాజులకూ నాయకులకూ పోగా మిగిలితే ఇలా అప్పుడప్పుడు ఒక లెవెల్ క్రాసింగుకూ దక్కుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల తెలుగువారు కొలువుల కోసం ఖరగ్‌పూర్ చేరారు. వర్క్‌షాపులో, లోకో షెడ్డులో, పట్టాల మీద పనిచేస్తూ రైల్వే క్వార్టర్లలో తరాలు గడిపారు. ఆ ఊరి పక్కనే, ఒకప్పుడు స్వాతంత్ర్య యోధులను బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరంలో, 1951లో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. ఒక పక్క ఇనుము తెలిసిన చేతులు, మరో పక్క సమీకరణాలు తెలిసిన తలలు. ఈ రెండూ కలిస్తే తప్ప సాగని పని ఒకటుంది. ఇంట్లో కూర్చుని క్లాస్ ఏ ఆంప్లిఫయర్ కట్టుకోవడం. పైకి ఇది పాటల పిచ్చి ఉన్నవారి కాలక్షేపం. లోపలికి వెళితే మాత్రం కార్మిక చట్టం దగ్గర తేలుతుంది.

1969 ఏప్రిల్‌లో బ్రిటిష్ పత్రిక ‘వైర్‌లెస్ వరల్డ్’లో జాన్ లిన్స్‌లీ హుడ్ ఒక చిన్న సర్క్యూట్ ప్రచురించారు. ఒక్కో ఛానెల్‌కు నాలుగే ట్రాన్సిస్టర్లు, 10 వాట్ల శక్తి. అదే ఏడాది ఢిల్లీ నుంచి ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ పత్రిక మొదలై, మన దేశంలో టంకం కడ్డీ పట్టిన కుర్రకారుకు సర్క్యూట్లు అందించసాగింది. అర్ధ శతాబ్దం దాటినా లిన్స్‌లీ హుడ్ సర్క్యూట్‌ను ప్రపంచమంతటా ఇళ్లలో కట్టుకుంటూనే ఉన్నారు. కారణం దాని స్వరం ఒక్కటే అనుకుంటే పొరపాటు. నాలుగు ట్రాన్సిస్టర్లలో ఏది ఏం చేస్తుందో ఒక మనిషి ఒక సాయంత్రం కాగితం మీద మొత్తం గీసి అర్థం చేసుకోగలడు. ఇంట్లో ఉన్న ఫోను గురించి, టీవీ గురించి ఆ మాట చెప్పగలిగినవారు ఐఐటీ ప్రాంగణంలోనూ అరుదే.

ఇంతకీ క్లాస్ ఏ అంటే ఏమిటి? శబ్దం తీగలోకి వచ్చేసరికి అటూ ఇటూ ఊగే విద్యుత్తు అవుతుంది. క్లాస్ బీ పద్ధతిలో ఆ ఊపును రెండు ట్రాన్సిస్టర్లు పంచుకుంటాయి. ఎగువ సగం ఒకదానిది, దిగువ సగం రెండోదానిది. తన వంతు రానంతసేపూ ఏదీ కరెంటు తీసుకోదు. ఎంతో పొదుపైన ఏర్పాటు. చిక్కంతా చేతులు మారే క్షణంలోనే వస్తుంది. సిలికాన్ ట్రాన్సిస్టర్ మేలుకోవడానికి సుమారు 0.6 వోల్టు కావాలి. ఒకటి నిద్రలోకి జారి రెండోది లేచేలోపు తరంగం చిన్నగా నలుగుతుంది. క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు దాన్ని. పెద్ద మోతలో అది చెవికి దొరకదు. తంబురా శ్రుతిలో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమాను వయోలిన్ తీగ మీద ఆగీ ఆగని చోట, అంటే వినవలసిన చోటనే, బయటపడుతుంది. క్లాస్ ఏబీ మధ్యేమార్గం. రెండింటిలోనూ కొద్ది కరెంటు ఎప్పుడూ పారనిస్తూ ఆ కుదుపును చాలావరకు సర్దుతుంది. క్లాస్ ఏలో సర్దుబాటు లేదు. పాట ఉన్నా లేకున్నా ట్రాన్సిస్టర్ పూర్తి మెలకువతో ఉంటుంది.

పూరీ గేట్ వంటి చోట ఇంతకంటే సులువైన ఉపమానం ఉంది. రైలు వచ్చినప్పుడే మనిషిని పిలిచి గేటు వేయించడం క్లాస్ బీ. రైలు లేని గంటల్లోనూ జెండా, లాంతరు దగ్గర పెట్టుకుని మనిషి కూర్చుని ఉండడం క్లాస్ ఏ. ఆ కూర్చోవడం పనా, కాదా? లిన్స్‌లీ హుడ్ సర్క్యూట్ సమాధానం సూటిగా ఉంటుంది: 8 ఓముల స్పీకరుకు 27 వోల్టుల సరఫరా మీద 1.2 ఆంపియర్లు. నిశ్శబ్దంలో కూడా అంతే. దాన్ని మీటరు పెట్టి కొలవవచ్చు.

చట్టం సమాధానం వేరు. రైల్వే చట్టం 1989లోని 130వ సెక్షన్ ఉద్యోగాలను ఇంటెన్సివ్, కంటిన్యువస్, ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్, ఎక్స్‌క్లూడెడ్ అని విడదీసింది. సర్క్యూట్ల మాదిరిగా మనుషులకూ తరగతులన్న మాట. 12 గంటల డ్యూటీలో సగం లేదా అంతకంటే ఎక్కువ సమయం, శరీర శ్రమ గానీ నిలకడైన శ్రద్ధ గానీ అవసరపడని ‘క్రియారాహిత్యం’గా గడుస్తుందని తేలిస్తే, ఆ కొలువు మూడో తరగతిలో పడుతుంది. 132వ సెక్షన్ ప్రకారం కంటిన్యువస్ ఉద్యోగికి వారానికి సగటున 54 గంటలు పరిమితి. మూడో తరగతి ఉద్యోగికి 75. రైళ్ల రద్దీ తక్కువగా ఉండే గేట్లలో గేట్‌మన్ కొలువు ఈ గడిలోనే పడుతూ వచ్చింది. 1974 మే 8న మొదలై దాదాపు మూడు వారాలు సాగిన రైల్వే సమ్మెలో 8 గంటల పనిదినం ప్రధాన కోరికల్లో ఒకటి కావడానికి వెనుక ఈ లెక్కే ఉంది. ఎదురుచూపు పని కాదని కాగితం మీద రాసుకున్న వ్యవస్థ, ఎదురుచూసేవాడి దగ్గర నుంచి అదనపు గంటలు రాబట్టుకుంది.

ఆ కరెంటును పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కర లేదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని గేటు దగ్గర బడిబస్సును రైలు ఢీకొంది. పసిపిల్లలు బలయ్యారు. లెవెల్ క్రాసింగులన్నింటినీ ఐదేళ్లలో తొలగించాలని కాకోద్కర్ కమిటీ అంతకు రెండేళ్ల ముందే, 2012లో సిఫారసు చేసి ఉంది. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లన్నీ తొలగిపోయాయని రైల్వే చెప్పుకోగలిగింది 2019 జనవరి చివరికి. ఉపమానాన్ని ఇంతకంటే సాగదీయడం తగదు. ట్రాన్సిస్టరుకు అలసట లేదు, ఇంట్లో ఎదురుచూసే బిడ్డలూ లేరు.

సర్క్యూట్ దగ్గరికి వద్దాం. క్లాస్ ఏ మీద పడే నింద వృథా. నింద నిజమే. 27 వోల్టులను 1.2 ఆంపియర్లతో గుణిస్తే ఛానెల్‌కు 32 వాట్ల పైచిలుకు. దక్కేది గరిష్ఠంగా 10. స్టీరియోకు రెండు ఛానెళ్లు, ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్ నష్టాలు కలిపితే గోడ సాకెట్ నుంచి 90 వాట్ల దాకా లాగుతుంది. పాత సీలింగు ఫ్యాను తీసుకునేదానికంటే కొంచెం ఎక్కువ. రోజుకు మూడు గంటలు వింటే నెలకు సుమారు 8 యూనిట్లు. ఊరేగింపుల్లో గుండెలదరగొట్టే పెట్టెల వెనుక ఇప్పుడు ఎక్కువగా ఉండేవి క్లాస్ డీ ఆంప్లిఫయర్లు. వాటి సామర్థ్యం 90 శాతం దాకా ఉంటుంది. తీసుకున్న ప్రతి వాటునూ శబ్దంగా మార్చడంలో మన ఎన్నికల ప్రచార రథాలకు సాటి లేదు. అందులో వినదగింది ఎంత అన్నది సామర్థ్యపు పట్టికలో కనిపించదు.

కట్టడంలో అసలు శత్రువు వేడి. మే నెలలో ఖరగ్‌పూర్‌లో గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు అనుకుంటే, వాటుకు 0.6 డిగ్రీ పెరిగే హీట్‌సింక్ మీద 32 వాట్లు పెట్టినప్పుడు అది 60కి చేరుతుంది. చెయ్యి కొద్ది సెకన్లకు మించి నిలవదు. అంతకంటే చిన్న సింక్ పెట్టడమంటే కష్టం కొనితెచ్చుకోవడమే. ట్రాన్సిస్టరుకూ అల్యూమినియానికీ మధ్య మైకా ముక్క, రెండు వైపులా పలచగా పూసిన పేస్టు. అది మందంగా పూస్తే వేడిని దాటించడానికి బదులు అడ్డుకుంటుంది. కొత్తగా కట్టేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అల్యూమినియం తలాన్ని ఆకురాయితో చదును చేసి, రంధ్రాల అంచుల గరుకు తీసి, మైకా చిట్లకుండా బిగించడం ఫిట్టరు విద్య. వర్క్‌షాపులో బతికిన చేతికి అది చెప్పనక్కర లేదు. ట్రాన్స్‌ఫార్మర్ 25 వోల్టులు, 5 ఆంపియర్లకు తగ్గకూడదు. కరెంటు ఆగకుండా పారే సర్క్యూట్ కాబట్టి సరఫరాలోని 100 హెర్ట్జ్ గురగుర స్పీకరులోకి తేలిగ్గా జొరబడుతుంది. 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు రెండు మూడు, వాటి తరువాత వడపోతకు ఒక ట్రాన్సిస్టరు పెడితే గది నిశ్శబ్దమవుతుంది. ఎర్త్ తీగలన్నీ ఒకే బిందువు దగ్గర కలవాలి. ఈ ఒక్క మాట పాటించకపోతే మిగతా శ్రమంతా హమ్ము పాలవుతుంది.

ఇంత చేస్తే వినికిడిలో తేడా ఎంత? శ్రద్ధగా రూపొందించిన క్లాస్ ఏబీ పక్కన పెడితే చాలామంది చెవికి తేడా దొరకదన్నది న్యాయమైన మాట. క్లాస్ ఏ స్వర్గం, మిగతావన్నీ రణగొణ ధ్వనులు అనే భక్తబృందం ఉంది. రాజకీయాల్లో మాదిరిగానే వారితో వాదించి లాభం లేదు. క్వార్టరు గదిలో మామూలుగా వినేటప్పుడు స్పీకరుకు చేరేది చాలాసార్లు ఒక వాటు కూడా ఉండదు. ఆ మొదటి వాటు శుభ్రంగా ఉండడమే ముఖ్యం. అతి సాదా సర్క్యూట్‌తో, అతి తక్కువ భాగాలతో దాన్ని సాధించే దారి ఇది. సాదాతనానికి కట్టే కప్పమే ఆ వేడి. అమెరికాలో నెల్సన్ పాస్ 1994లో ‘జెన్’ పేరుతో ఒకే దశ ఉన్న సర్క్యూట్‌ను ప్రచురించి, ఎవరైనా ఇంట్లో కట్టుకోండి అని వదిలేసిందీ ఈ సాదాతనం మీది నమ్మకంతోనే.

భాగాల సంగతి మరింత చేదు. ఈ సర్క్యూట్‌లో చాలామంది వాడే టూ ఎన్ 3055 పవర్ ట్రాన్సిస్టర్‌ను ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసేది. ఆ ముద్ర ఉన్న లోహపు టోపీని పాత రేడియో మెకానిక్కులు ఇప్పటికీ భద్రంగా దాచుకుంటారు. ఇవాళ బజారులో అదే అంకెతో వచ్చేవాటిలో నకిలీలు విరివిగా ఉన్నాయి. పైన అసలు గుర్తు, లోపల చిన్న సిలికాన్ పలుకు. వాటు తక్కువ చోట్ల నెట్టుకొస్తుంది. క్లాస్ ఏ దగ్గర దాని గుట్టు మొదటి గంటలోనే రట్టవుతుంది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1989 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదానికి గురైంది. తేరుకోవడానికి ఏళ్లు పట్టాయి. 1997లో భారత్ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరాక ఎలక్ట్రానిక్ వస్తువులెన్నింటి మీదో సుంకాలు సున్నాకు దిగాయి. ఇక్కడ చేసుకోవడం ఎందుకు, కొనుక్కుంటే చవక కదా అన్న లెక్క గెలిచింది. 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్ల కోసం 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. మధ్యలో గడిచిన మూడు దశాబ్దాలు ఆ విద్యను వెచ్చగా ఉంచడానికి ఎంత ఖర్చయ్యేదో ఎవరూ లెక్క తీయలేదు. చల్లారిన కొలిమిని రాజేయడానికి ఎంతవుతుందో మాత్రం పై అంకె చెబుతోంది. ప్రోత్సాహకాలను కర్మాగారాలకు పంచడం మంచిదే. పాలిటెక్నిక్ కుర్రాడు నమ్మి కొనుక్కోగల ఒక స్వదేశీ పవర్ ట్రాన్సిస్టర్ ఆ జాబితాలో ఎక్కడుందని అడగడం కూడా మంచిదే.

చివరగా సర్దుబాట్లు. మొదటిసారి మెయిన్స్ ఇచ్చేటప్పుడు వరుసలో 60 వాట్ల పాత బల్బు పెట్టాలి. ఎక్కడైనా తప్పు జరిగితే ట్రాన్సిస్టరుకు బదులు బల్బు భగ్గున వెలుగుతుంది. అది మసకబారి నిలిచాక తీసేసి, రెండు ట్రాన్సిస్టర్ల మధ్య బిందువును సరఫరాలో సగానికి, అంటే 13.5 వోల్టులకు తేవాలి. తరువాత నిలకడ కరెంటు. వేడెక్కేకొద్దీ అది జారుతుంది కాబట్టి ఒకేసారి 1.2కు తిప్పకూడదు. ఒకటి దగ్గర ఆపి, గంటసేపు వదిలి, మళ్లీ చూసి, కొద్దికొద్దిగా పెంచాలి. వేసవిలో సరిచేసింది పౌషమాసపు చలిలో మరోసారి చూసుకోవాలి. స్విచ్ వేయగానే అవుట్‌పుట్ కెపాసిటర్ నిండేటప్పుడు స్పీకరు ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. అందుకని తొలి పరీక్షకు మంచి స్పీకర్లు కాకుండా, పోయినా బాధ లేని పాత రేడియో స్పీకరును తగిలించడం మేలు.