గార్డెన్ రీచ్ ఒడ్డున చెత్త లెక్క

హుగ్లీ ఆటు మీద ఉన్నప్పుడే కలకత్తాలోని గార్డెన్ రీచ్ ఒడ్డు అసలు రూపం కనిపిస్తుంది. సురినామ్ ఘాట్ పరిసరాల్లో నది పక్కన పార్కును శుభ్రం చేయడానికి మా కాలేజీ పూర్వ విద్యార్థులు పూనుకుంటే వాళ్లతో కలిసి వెళ్లాను. వచ్చినవాళ్లలో సగం మంది రైల్వే కుటుంబాలవాళ్లే. అందులో వింతేమీ లేదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది ఇక్కడే. 2003లో తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్లేదాకా వాల్తేరు డివిజన్ వ్యవహారాలన్నీ ఇక్కడినుంచే నడిచేవి. అవతలి ఒడ్డున శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ పచ్చగా కనిపిస్తూ ఉంటుంది. సామర్లకోటలో మొక్కలు పెంచి, కోరమాండల్ తీరపు చెట్టూచేమా నమోదు చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఆ తోటకే అధికారిగా వచ్చాడు. ఏ మొక్క ఎక్కడ దొరికిందో, స్థానికులు దాన్ని ఏమంటారో రాసిపెట్టడమే అతని పనిలో ముఖ్యభాగం. మేము ఏరిన చెత్త విషయంలోనూ అలాంటి రాత ఉండాలని నా వాదన. గోనెసంచులు నింపి లారీ ఎక్కించడంతో స్వచ్ఛంద సేవ పూర్తయిందనుకుంటే, అసలు పనిని మొదలుపెట్టకుండానే ఇంటికి వచ్చినట్టే.

చెత్తను టార్పాలిన్ మీద పోసి వేరుచేస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో చాలావరకు అదే చెబుతుంది. పైపైన ఉన్నది గుర్రపుడెక్క, పూజ పూలు, అరటి దొప్పలు, నిమజ్జనం చేసిన విగ్రహాల గడ్డీ వెదురుబద్దలూ. ఇవి నది మోసుకొచ్చినవి. షాంపూ, గుట్కా పొట్లాలు, థర్మోకోల్ ముక్కలు, టీ కప్పులు కొంత నదివి, కొంత పార్కుకు వచ్చేవాళ్లవి. అడుగున, బురదలో కూరుకుపోయినవి మాత్రం గుడ్డపీలికలు. వేలెడు వెడల్పు పీలికను పట్టి లాగితే దాని వెనక ఇంకోటి, దానికి చుట్టుకుని మరోటి, ఒండ్రుతో బరువెక్కి తాడులా వస్తాయి. ఒక్కోసారి ఇద్దరు కలిసి లాగినా రావు. అంచులు కత్తెరతో తీర్చినట్టు ఉంటాయి, చాలావాటిలో పాలియెస్టర్ కలిసి ఉంది. ఇది ఇళ్లలో పారేసిన పాతబట్ట కాదని చూడగానే తెలుస్తుంది. పక్కనే ఉన్న మెటియాబ్రుజ్ దేశంలోని పెద్ద రెడీమేడ్ దుస్తుల కేంద్రాల్లో ఒకటి. 1856లో అవధ్ నవాబు వాజిద్ అలీ షా ఇక్కడికి వచ్చినప్పుడు వెంట వచ్చిన దర్జీలతోనే ఆ వృత్తి వేళ్లూనుకుందని స్థానికులు చెప్పుకుంటారు. ఇప్పుడు వేల ఇళ్లలో కుట్టుమిషన్లు నడుస్తున్నాయి. కత్తిరింపు ముక్కలు మురికికాలువలో పడి, అక్కడినుంచి ఇక్కడికి చేరుతున్నాయి.

ఇక్కడ ఎవరైనా లేవనెత్తే ప్రశ్న ఒకటుంది. హుగ్లీకి రోజుకు రెండు పోట్లు. పొద్దున మనం ఏరింది మధ్యాహ్నానికి నది తిరిగి తెచ్చి పెడుతుంది, ఇక ఈ శ్రమ దేనికి? ప్రశ్న సరైనదే. పోటు మీద నీళ్లు బజ్‌బజ్ వైపు నుంచి పైకి ఎగదన్నుతాయి, ఆటు మీద హౌరా వైపు నుంచి దిగుతాయి. కాబట్టి ఒడ్డున దొరికిన ప్రతిదీ ఈ పేట తప్పు కాదు. అయితే ఇది ఏరడం మానేయడానికి చెప్పే కారణం కాదు, లెక్క రాయడానికి చెప్పే కారణం. నది తెచ్చేది కాలాన్నిబట్టి, పండుగనుబట్టి మారుతుంది. కాలువ తెచ్చేది మారకుండా వస్తూనే ఉంటుంది. ఒకే చోట, ఒకే పద్ధతిలో కొన్ని నెలలు నమోదుచేస్తే గానీ ఈ రెండింటినీ విడదీయలేం. ఇదే గార్డెన్ రీచ్‌లో 1930ల నుంచి నీటిమట్టం కొలిచి రాస్తూ వచ్చారు. సముద్రానికి ఇంత దూరంగా, ఒండ్రు నిండిన నది మీద రేవును నడపడానికి అలాంటి విసుగుపుట్టించే పట్టికలే ఆధారం. ఓడల కోసం చేయగలిగింది ఒడ్డు కోసం చేయలేమా?

ముంబయి వెర్సోవా తీరాన్ని చూపించి, అక్కడ చేతులతోనే సాధించారు కదా అనేవాళ్లున్నారు. అఫ్రోజ్ షా 2015లో మొదలుపెట్టిన ఆ పని గొప్పదే. కానీ అది వారం వారం, ఏళ్ల తరబడి సాగింది; ఆ తర్వాత ఆయన మీఠీ నది దగ్గరికి కూడా వెళ్లవలసి వచ్చింది, ఎందుకంటే చెత్త పుట్టేది సముద్రంలో కాదు. సంవత్సరానికి ఒకసారి టోపీలు పెట్టుకుని వచ్చే మాలాంటి సంఘాలు ఆ ఉదాహరణను వాడుకోవడం కొంచెం సిగ్గులేని పని. మాకు దగ్గరి ఉదాహరణ 1986లో టెక్సస్ తీరంలో మొదలైన సాగరతీర శుభ్రతా కార్యక్రమం. అక్కడ మొదటినుంచీ ప్రతివారి చేతికీ సంచితోపాటు ఏం దొరికిందో రాసే కార్డు ఇచ్చారు. ఇప్పుడు అది ప్రపంచమంతా పాకింది. మన గంగా కార్యాచరణ ప్రణాళిక మొదలైందీ 1986లోనే. దాని కింద గార్డెన్ రీచ్‌లో మురుగుశుద్ధి కేంద్రం వచ్చింది; కానీ అలాంటి కేంద్రం శుద్ధిచేసేది తన దాకా చేరిన మురుగునే, గుడ్డపీలికలు కాలువలోంచి నేరుగా నదిలోకి వెళ్తుంటే అది చేయగలిగేది లేదు.

పన్నులు కడుతున్నాం, ఇది కార్పొరేషన్ పని కదా అన్న అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. నిజమే, జీతమిచ్చి చేయించాల్సిన పనిని ఉచితంగా చేసిపెడితే పారిశుద్ధ్య కార్మికుల పోస్టులకే ఎసరు రావచ్చు. అందుకే మేము ఇవ్వగలిగింది కండబలం కాదంటాను. నడుము వంచడంలో రిటైరయిన ఇంజనీర్లకన్నా ఇరవయ్యేళ్ల కార్మికుడే మేలు. మావాళ్లకు వచ్చింది ఫైలు కదిలించడం: ఏ కాగితం ఏ బల్ల మీద ఆగుతుందో, ఏ మాట రాస్తే జవాబివ్వక తప్పదో వాళ్లకు తెలుసు. ఇక్కడ అది చాలా అవసరం. నది ఒడ్డు భూమిలో ఎక్కువ భాగం రేవు సంస్థది. కాలువలూ చెత్తా కార్పొరేషన్‌వి, అది కూడా 1984లో గార్డెన్ రీచ్ మునిసిపాలిటీ కలకత్తాలో కలిశాక. ఎవరికి రాసినా రెండోవారి పేరు చెబుతారు. ఫలానా కాలువ నోటి దగ్గర ఫలానా నెలల్లో ఇన్ని కిలోల పీలికలు అని రాసిన కాగితాన్ని అలా దాటేయడం కష్టం.

దారి ఉందనడానికి ఆట్టే దూరం వెళ్లక్కర్లేదు. బ్రేస్ బ్రిడ్జి దగ్గర ముదియాలీ మత్స్యకారుల సహకార సంఘం రేవు సంస్థ నుంచి లీజుకు తీసుకున్న చిత్తడినేలలో ఈ ప్రాంతపు మురుగునే చెరువు నుంచి చెరువుకు పారించి, తేటపరిచి, చేపలు పెంచింది. చుట్టూ చెట్లు నాటి పార్కు చేసింది. నీళ్లు చెడితే చేప చస్తుంది, చేప చస్తే కూలి పోతుంది గనుక అక్కడ గమనించడం ఎవరూ మానలేదు. పీలికలకూ అలాంటి లాభం ముడిపెట్టాలి. కొత్త ముక్కలు పొడిగా ఉన్నంతవరకు వాటికి కొనేవాళ్లున్నారు: తుడుపుగుడ్డలకు, దిండ్లలో కూరడానికి. తడిస్తేనే చెత్త. ఇన్ని చిన్న ఇళ్లకు జరిమానా నోటీసులు పంపితే కత్తిరింపు రాత్రిపూటకు మారుతుంది, అంతే. అందుకని మా పూర్వ విద్యార్థుల సంఘం తరఫున రాసే అర్జీలో నేను కోరేది ఒక్కటే: వారాంతపు బట్టల సంతకు ముందు, కత్తిరింపు ఎక్కువగా ఉండే రోజుల్లో, గుడ్డముక్కలకే విడిగా ఒక బండి ఆ సందుల్లో తిరగాలి. బండి తిరగక ముందు, తిరిగాక కాలువ నోటి దగ్గర తూకం మేము వేసి ఇస్తాం.