ఎడింబరోలోఁ జూచిన కుట్టుపని

స్కాట్లండులోని ఎడింబరో నగరమున మేము బస చేసిన యింట, వాన విడువక కురియుచుండుటచే బయటికిఁ బోలేక, గృహిణి చేయు కుట్టుపనిఁ జూచుచుఁ గూర్చుంటిమి. ఆమె తన మామగారి కిల్టును కుమారుని వివాహమునకై బిగించుచుండెను. కిల్టనఁగా నచ్చటి పురుషులు నడుమునకుఁ జుట్టుకొను గళ్ల ఉన్నిబట్ట. 8 గజముల వఱకుండును.

మన చీరకుచ్చెళ్లను మనము దినదినము పోసికొందుము. కిల్టునకు వెనుకనుండు కుచ్చెళ్లు కుట్టి యుంచినవి. "అధికమైన గుడ్డను కత్తిరింపరాదా?" యనఁగా నామె యులికిపడెను! ప్రతి కుచ్చెలయందును గళ్ల వరుస తప్పక కలియవలెనఁట. పైగా, రేపు మనుమనికి నడుము లావైనచో? అందుచేఁ దోలుపట్టీల బకిళ్లను మాత్రము విప్పి, 2 అంగుళములు జరిపి, గట్టిదారముతో మరలఁ గుట్టెను. అంతకు మించి జరిపిన ముందుపొర గళ్లు ప్రక్కకుఁ దొలఁగును. పాతకుట్ల రంధ్రములను పూడ్చలేదు. అవి మామగారి నడుము కొలతయఁట.