పళ్ళు లేనివారికి పళ్ళరసం

మా ఇంట పండ్లరసం తీసే యంత్రం చేరి ఏడాదైనది. ఎనభై ఎనిమిదేళ్ళ మా అమ్మగారికి నోట పళ్ళు లేవు. పళ్ళ మీద మక్కువ మాత్రం తరగలేదు. నల్లగొండ బత్తాయిలు నాలుగు ఒలిచి, గింజలు ఏరి వేస్తే నిమిషంలో గ్లాసెడు రసం సిద్ధం. అంగడి రసంలో కలిపే నీటి గురించి, పంచదార గురించి దిగులు లేదు. ఇవి యంత్రపు గుణాలు.

దోషాలూ ఉన్నవి. రసం జల్లెడ దాటిపోగా పీచంతా పిప్పిలోనే నిలిచిపోతుంది. నాలుగు కాయలు ఒక్కసారి తినలేము గాని, తాగగలము. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాలు పండ్లరసంలోని చక్కెరనూ తగ్గించవలసిన చక్కెరల కోవలోనే చేర్చినవి. నమిలి తినే పండును చేర్చలేదు. మధుమేహం ఉన్న నాకు ఆ భేదం చిన్నది కాదు. పైగా జల్లెడను వెంటనే కడగకున్న పిప్పి ఎండి అంటుకొంటుంది. నిమిషపు రసానికి పావుగంట చాకిరీ.

కనుక యంత్రాన్ని తిట్టను, పొగడను. తాగేవారెవరో చూచి నడుపుతాను. అమ్మగారికి ఆ వ్యాధి లేదు గనుక ఆమెకు గ్లాసెడు రసం. పళ్ళింకా గట్టిగా ఉన్న నాకు ఒక్క కాయ, తొనలు తొనలుగా.