బొమ్మలోని యిల్లు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలనిరి. నేటి కాలమున "ఇల్లు అమ్మి చూడు" అనియు చేర్చవలసి యున్నది. పూర్వము ఇల్లు కొనదలచినవారు స్వయముగా వచ్చి, నూతినీరు త్రాగి చూచి, దూలములు తట్టి చూచి, ఆ వీథిలోని వృద్ధురాండ్రతో రెండు మాటలాడి, అటుపిమ్మట బేరమునకు దిగెడివారు. నేడు కొనువారు మొదట చూచునది యింటిని గాదు; సెల్ ఫోనులోని యింటి బొమ్మను. అది నచ్చినగాని గడప త్రొక్కరు. అట్టి బొమ్మలు తీయుటయే నా వృత్తి. హైదరాబాదు నగరమున అమ్మకమునకు వచ్చిన యిండ్లకు కొన్ని యేండ్లుగా ఫొటోలును వీడియోలును తీయుచున్నాను. ఇంటి మంచిచెడ్డలు ఇల్లాండ్రకు దెలిసినట్లు ఇతరులకు దెలియవు గాన, ఈ పనిలోని మర్మములను మీతో ముచ్చటింపదలచితిని.

ఇంటి బొమ్మకు ప్రాణము వెలుతురు. తూర్పు వాకిలి గల యింటి ముంగిలిని ఉదయమునను, పడమటి వాకిలి గల దానిని సాయంకాలమునను తీయుట మేలు. కెమేరాను మూడుకాళ్ల స్టాండుపై రొమ్మెత్తున, ఏమాత్రము వంపు లేక నిలుపవలెను. వంగినచో గోడలు ఒరగి పడుచున్నట్లు కనబడును. మన కన్ను గదిలోని నీడను, కిటికీ వెలుపలి యెండను ఒక్కమారే గ్రహింపగలదు. కెమేరాకు ఆ శక్తి తక్కువ. అందుచేత ఒక్కచోటి నుండియే వెలుతురు హెచ్చించియు తగ్గించియు కొన్ని బొమ్మలు తీసి, కంప్యూటరులో ఒక్కటిగా కలుపుదుము. వీడియోకు మాత్రము వీథి గుమ్మము మొదలుకొని పెరటి వరకు, ఇంటికి వచ్చిన చుట్టము నడచినట్లు, తొందర లేక నడువవలెను. ఇందులో మోసమేమియు లేదు. చుట్టములు వచ్చుచున్నారనగా ఇల్లూడ్చి, వంటింటి గట్టు తుడిచి, వాకిట ముగ్గు పెట్టుట యెట్టిదో ఇదియు నట్టిదే.

అయితే లెన్సులో నొక మాయ గలదు. విశాలముగా చూపు లెన్సు దగ్గరి వస్తువును పెద్దది చేసి, ఎదుటి గోడను దూరముగా నెట్టును. చిన్న గది పెద్ద హాలువలె తోచును. ఇరుకు గదిని చూపుటకు అట్టి లెన్సు లేక మాకు గడవదు. కాని చూచువారు భ్రమపడకుండుటకు సులభోపాయ మొకటి కలదు: నేలమీది టైల్సు లెక్కింపుడు. మన ఫ్లాట్లలో తరచుగా పరచునవి రెండడుగుల చదరపు టైల్సు. గోడనుండి గోడకు అట్టివి ఐదే యున్నచో, బొమ్మ యెంత గొప్పగా నున్నను ఆ గది పదడుగులే. టైలు కొలత యెంతయని అమ్మువారిని అడుగుటకు మొగమాటపడవలదు. బొమ్మ యంచున నున్న మంచమో కుర్చీయో సాగదీసినట్లు కనబడినచో, అది విశాలపు లెన్సు పనియే యని తెలిసికొనవలెను.

అలంకారమునకును అబద్ధమునకును నడుమ నొక గీత యున్నది. ఖాళీ గదిలో సోఫాలున్నట్లు కంప్యూటరుతో కల్పించి, "ఇది కల్పిత చిత్రము" అని క్రింద వ్రాసిన తప్పు లేదు. గోడలోని చెమ్మ మరకను చెరపివేయుట తప్పు. ఒకప్పుడు ఊరి వెలుపల కట్టిన యొక నివాస సముదాయమును తీయుటకు నన్ను పిలిచిరి. మేడల వెనుకనే హైటెన్షను తీగల స్తంభము గలదు. దానిని బొమ్మలలో లేకుండ చేయుమనిరి.

"అయ్యా, చూడవచ్చినవారికి స్తంభము కనబడదా?" యంటిని.

"వచ్చి చూచువా రందరు గారు గదమ్మా! అమెరికాలో కూర్చుండి బొమ్మ చూచి సొమ్ము పంపువారు లేరా?" యనిరి.

ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. అట్లు దూరదేశమునుండి వచ్చు సొమ్ము ఏ బిడ్డయో తల్లిదండ్రుల వార్ధక్యమునకై కూడబెట్టినది. చెరపనని చెప్పితిని. పని మరియొకరికి పోయెను. ఆ నెల యింటి అద్దెకు చేతి గాజు కుదువ పెట్టవలసి వచ్చెను. విచారము కలుగలేదనిన అబద్ధమగును. కాని ఆ రాత్రి నిద్ర పట్టినది.

ఇక అమ్మువారి పక్షము. భర్త పోయిన పిదప కుమారునికడకు పోవుచున్న యొక పెద్దావిడ, నలువది యేండ్లు కాపురము చేసిన యింటిని అమ్మకమునకు పెట్టెను. గోడలమీది ఫొటోలన్నియు దించవలెనని మధ్యవర్తి చెప్పగా ఆమె కన్నులు చెమ్మగిల్లెను. "అమ్మాయీ, అవి దించిన పిమ్మట ఇది మా యిల్లెట్లగును?" అనెను. "పిన్నిగారూ, మీకు మిగులవలసిన బొమ్మలు ముందు తీసెదను, పదిమందికి చూపవలసినవి తరువాత తీసెదను" అంటిని. భర్త పటము, పచ్చడి జాడీలు, దూలమునకున్న ఉయ్యాల కొక్కెము, దీపపు మసి పట్టిన పూజగూడు — అన్నియు తీసి ఆమె కిచ్చితిని. అటుపిమ్మటనే పటములు దించితిమి. తులసికోటను మాత్రము కదల్పలేదు. అది యింటితోబాటు పోవునది గదా.

పటములు దించుట సొగసునకు గాదు, క్షేమమునకు. అమ్మకపు బొమ్మను ఊరు పేరు తెలియని వేలమంది చూతురు. పిల్లల ఫొటోలు, బడి గుర్తు గల దుస్తులు, సర్టిఫికెట్లు, మందుసీసాలు, బీరువా, మేకునకు వ్రేలాడు తాళపుచెవులు అందు పడరాదు; తాళపుచెవి ఆకారమును బొమ్మనుండియే దొంగిలింపవచ్చును. ఫోనుతో మీరే తీసినచో, అది తీసిన చోటును బొమ్మలో వ్రాసికొనకుండ ఆ యేర్పాటును ఆపివేయుడు. ఇంట అద్దెకున్నవారున్నచో ముందు రోజే చెప్పి వారి యనుమతి పొందుడు. డ్రోను ఎగురవేయించినచో, ప్రక్క మేడపై వడియములు పెట్టుకొను ఇల్లాలు అందు చిక్కకుండ చూడుడు.

కొనువారికి చట్టము కొంత అండగా నున్నది. 2016లో పార్లమెంటు చేసిన చట్టమును జనులు "రెరా" యందురు. దాని 12వ సెక్షను ప్రకారము, బిల్డరు ప్రకటననో నమూనా ఫ్లాటునో నమ్మి సొమ్ము చెల్లించినవారు, అందలి అసత్యము వలన నష్టపోయినచో పరిహారము పొందవచ్చును. కొనుట మానుకొందుమన్న, చెల్లించిన సొమ్మంతయు వడ్డీతో తిరిగి పొందు హక్కు గలదు. కావున ప్రకటనలోని బొమ్మలను తేదీతో సహా దాచియుంచుకొనుడు. రెరా రిజిస్ట్రేషను సంఖ్య చూడుడు. "కార్పెట్ ఏరియా" యెంతయని అడుగుడు. వెలుపలి గోడలును బాల్కనీయు అందులో చేరవు. అయితే ఒకరు తమ పాత యింటిని అమ్ముకొనునపుడు ఈ నియమములు వర్తింపవు. అక్కడ మన కన్నే మనకు చట్టము.

సోదరీమణులారా! బొమ్మ పిలుపు వంటిది; పిలుపందిన మాత్రమున భోజనమైనట్లు గాదు. వెళ్లి చూడుడు. మిట్టమధ్యాహ్నమొకసారి, రాత్రి యొకసారి చూడుడు. కుళాయి త్రిప్పుడు, కిటికీ తెరువుడు, వెనుక వీథికి నడువుడు, పొరుగింటి యామెతో మాటలాడుడు. గోడవాసనను, నీటిరుచిని, పొరుగువారి మంచితనమును చూపు లెన్సు నాకడ లేదు.