బండిని మోసే గాలి

పిల్లలూ! జూన్, జూలై నెలలలో మీరెప్పుడైనా చిత్తూరు వైపు ప్రయాణం చేశారా? ఆ రోజులలో తోతాపురి మామిడికాయలను ట్రాలీల నిండా పోసుకొని, ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరుతాయి. రైతు ఏడాది కష్టమంతా ఆ ట్రాలీలోనే ఉంటుంది. మరి ఆ ట్రాలీని మోసేది ఏది? చక్రాలా? రబ్బరా? కాదు, ఎక్కువ బరువు మోసేది టైరులోని గాలి!

నమ్మకం కలగలేదా? ఒక లెక్క చేద్దాం. 1,200 కిలోల కారు ఉన్నదనుకోండి. ఒక్కొక్క టైరుమీద 300 కిలోలు, అంటే సుమారు 660 పౌండ్ల బరువు పడుతుంది. టైరులో గాలి చదరపు అంగుళానికి 30 పౌండ్లు ఉంటే, 660ని 30 చేత భాగించండి. 22 చదరపు అంగుళాలు! ఇంచుమించు మీ నాన్నగారి అరచేయి పరచినంత జాగా. ఒక్కొక్క టైరు నేలను తాకేది అంతే.

గాలి 20 పౌండ్లకు తగ్గితే ఆ జాగా 33 అంగుళాలవుతుంది. అంటే టైరు అణగిపోతుంది. చక్రం తిరిగినప్పుడల్లా దాని పక్కలు మడతపడి లేస్తాయి. ఒక ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి, వంగినచోట తాకి చూడండి. వెచ్చగా లేదూ? టైరు కూడా అలాగే వేడెక్కి, చివరకు పగులుతుంది. పోనీ, గాలి మరీ ఎక్కువ పెడితే? టైరు నడుమ మాత్రమే నేలకు ఆని, అక్కడే అరిగిపోతుంది. పట్టు కూడా తగ్గుతుంది.

కారు ముందు టైరు మెత్తబడితే స్టీరింగు బరువెక్కి డ్రైవరుకు తెలుస్తుంది. వెనుక వచ్చే ట్రాలీ టైరు మెత్తబడితే చెప్పేవారెవరు? అందుకే దానిని మరింత శ్రద్ధగా చూడాలి.

కొత్త టైరు కొనేటప్పుడు దాని పక్కన ఉన్న అంకెలు చదవండి. 9.00–16 అని ఉంటే వెడల్పు సుమారు 9 అంగుళాలు, చక్రం 16 అంగుళాలు అన్నమాట. ఎంత బరువుకు ఎంత గాలి పట్టించాలో కూడా చూడాలి. చివరి నాలుగంకెలు 2324 అయితే, అది 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. ఒకే ఇరుసుకు రెండువైపులా ఒకే కొలత టైర్లు ఉండాలి. చౌక అని పాత కారు టైరు తగిలిస్తే, కాయలతోపాటు మనుషులూ దారిలో పడతారు.

చిత్తూరు నుండి పూతలపట్టు, చంద్రగిరి దాటి తిరుపతి చేరితే, అలిపిరి వద్ద కొండదారి మొదలవుతుంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో వచ్చాయి. కొత్తదారిన ఎక్కి, పాతదారిన దిగుతారు. దిగేటప్పుడు మలుపు వెంట మలుపు! ప్రతి మలుపులోను బరువు బయటివైపు టైర్లమీదికి ఒరుగుతుంది. బ్రేకుల వేడి చక్రాలకు ఎక్కుతుంది. వేడికి గాలి వ్యాకోచించాలని చూస్తుంది గనుక ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు కొలిచి, "ఎక్కువైంది" అని గాలి తీసేయరాదు. చల్లబడ్డాక తక్కువైపోతుంది. బయలుదేరక ముందు, టైరు చల్లగా ఉండగానే కొలవాలి.

ఈ గాలి టైరు ఒక పిల్లవాని మూలంగా ప్రసిద్ధికెక్కింది, తెలుసా? 1845లోనే థామ్సన్ అనే ఆయన దీనిని కనిపెట్టినా, లోకం మరచిపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్ పశువైద్యుడు డన్‌లప్, కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపులు తగ్గించాలని మళ్ళీ తయారుచేశాడు. నేడు తిరుపతి జిల్లా చినపాండూరులోనే అపోలో వారి టైర్ల ఫ్యాక్టరీ ఉన్నది. 2020లో అక్కడ టైర్లు తయారుకావడం మొదలైంది.

ఈసారి ప్రయాణానికి ముందు నాన్నగారినో, మామయ్యనో అడగండి: "టైర్లలో గాలి చూశారా?" ఆ ఒక్క ప్రశ్న బండిలోని అందరినీ కాపాడవచ్చు.